కొండబాటల మరమ్మతుకు వాలంటీరుగా వెళ్లాలనుకునేవారికి

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒకరు అడిగారు: "ఏడాదిగా వారాంతాల్లో కుటుంబంతో న్యూయార్క్ రాష్ట్రంలోని హ్యారిమన్ పార్కులో నడుస్తున్నాం. ఆ బాటలను వాలంటీర్లే చూసుకుంటారని తెలిసింది. నేనూ చేరాలనుకుంటున్నాను. నలభై దాటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎన్నడూ పార పట్టలేదు, అప్పుడప్పుడూ నడుము నొప్పి. మేం హెచ్-1బీ (ఉద్యోగ), హెచ్-4 (కుటుంబ) వీసాల మీద ఉన్నాం. చేరవచ్చా? పిల్లల్ని తీసుకువెళ్లవచ్చా? నాలాంటివాడి వల్ల వాళ్లకు నిజంగా ఉపయోగం ఉంటుందా?"

చేరండి. ఉపయోగం సంగతే ముందు చెబుతాను, మిగతా ప్రశ్నలకు జవాబులు దాన్నిబట్టే ఉంటాయి. న్యూజెర్సీ, న్యూయార్క్ కొండల్లో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, కొత్తవాళ్లకు నేర్పిస్తున్నాను. బండలు కదిపే బలం ఉన్నవాళ్లు ఎలాగో దొరుకుతారు. ఒకే బాటకు వసంతంలో ఒకసారి, ఆకులు రాలాక ఒకసారి, పెద్ద వాన కురిసిన మర్నాడు ఇంకోసారి వెళ్లి చూసేవాళ్లు దొరకడమే కష్టం. మీరు ఏడాదిగా మానకుండా ఒకే పార్కుకు వెళుతున్నారు. ఈ బాటలను చూసుకునే నడక క్లబ్బులు వెతికేది అలాంటి మనిషినే.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో కొంచెం తెలుసుకోండి. న్యూయార్క్-న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ 1920లో మొదలైంది. అక్కడి నడక క్లబ్బులు కలిసి పెట్టుకున్న సమాఖ్య అది. అపలాచియన్ కొండల పొడవునా ఒక కాలిబాట ఉండాలని బెంటన్ మకై 1921లో ప్రతిపాదించాడు. ఆ బాట కోసమే వేసిన తొలి భాగం 1923 అక్టోబరులో, హ్యారిమన్ పక్కనే ఉన్న బేర్ మౌంటెన్ దగ్గర తెరుచుకుంది. వేసింది ఈ క్లబ్బుల వాలంటీర్లే. జార్జియా నుంచి మెయిన్ దాకా మొత్తం బాట 1937లో పూర్తయింది. 1968లో చట్టం వచ్చి దానికి జాతీయ బాట హోదా దక్కింది. అయినా పని చేసే చేతులు మారలేదు. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే ఆ బాటను ఈనాటికీ దాదాపు 30 స్థానిక క్లబ్బులు తలా ఇంత పంచుకుని కాపాడుతున్నాయి. మన ప్రాంతంలో ఒక్క ట్రెయిల్ కాన్ఫరెన్సే అపలాచియన్ బాటనూ, ఇతర బాటలనూ కలిపి 2,000 మైళ్లకు పైగా చూసుకుంటోంది. న్యూజెర్సీలోని వెర్నన్ దగ్గర పోచక్ చిత్తడి నేల మీద సాగే చెక్కబాట, వేలాడే వంతెన మీకు తెలిసే ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లి ఫొటోలు దిగే చోటు అది. దాన్ని కట్టడంలోనూ వాలంటీర్ల శ్రమ ఉంది.

ఇక అసలు పనికి వస్తాను. బాటల మరమ్మతు అనగానే పడిపోయిన చెట్లను కోయడం గుర్తుకొస్తుంది. చెట్టు పడితే అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు కబురు చేస్తారు, కోసేస్తే ఆ సమస్య అయిపోతుంది. నీరు చేసే పాడు అలా కనిపించదు. మనుషుల అడుగులు పడీ పడీ బాట మధ్యలో నేల గట్టిపడి కొంచెం కుంగుతుంది. వాన నీరు ఆ పల్లాన్ని పట్టుకుని కిందికి పారుతుంది. వాలు ఎక్కువైనకొద్దీ వేగం పెరిగి మట్టిని కోసుకుపోతుంది. మట్టి పోయాక రాళ్లు, వేళ్లు బయటపడతాయి. వాటి మీద నడవలేక జనం పక్కన నడుస్తారు. పక్కనున్న మొక్కలు చచ్చి అక్కడా నేల గట్టిపడుతుంది. రెండడుగుల బాట కొన్నేళ్లకు పదడుగుల గండి అవుతుంది. హ్యారిమన్‌లో నిటారు ఎక్కుడు ఉన్న చోట ఆగి రెండు పక్కలా చూడండి, ఇదంతా మీ కళ్లకే కనిపిస్తుంది.

అందుకే కొత్తవాళ్లకు నేను మొదట నేర్పేది నీటిని చూడటం. పొలంలో మడవ తిప్పడం చూసినవాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. అక్కడ నీటిని మడిలోకి మళ్లిస్తాం, ఇక్కడ బాట మీద నుంచి బయటికి మళ్లిస్తాం. దీనికి వాడేవాటిలో పాతది వాటర్‌బార్. బాటకు అడ్డంగా, ఏటవాలుగా, రాళ్లతోగాని దుంగతోగాని పాతిన కట్ట అది. పై నుంచి వచ్చే నీరు దానికి తగిలి పల్లం వైపు బయటికి పోతుంది. నేరుగా అడ్డంగా పెడితే నీరు అక్కడే నిలిచి మట్టి పేరుకుపోతుంది, అందుకే 45 డిగ్రీలకు అటూ ఇటూగా వాలు ఇస్తారు. దుంగ కొన్నేళ్లకు కుళ్లిపోతుంది. సరిగ్గా పాతిన రాయి మన పిల్లల కాలం దాకా ఉంటుంది.

వాటర్‌బార్ కట్టడం ఒక రోజు పని. దాన్ని బతికించడం ఏళ్ల తరబడి పని. కట్ట వెనక మట్టి, ఆకులు నిండిపోతే నీరు దాని మీదుగా దూకి మళ్లీ బాట పట్టుకుంటుంది. అలాంటప్పుడు ఆ పూడికను తవ్వి తీయాలి. నీరు బయటికి పోయే మూతిని పార వెడల్పు కన్నా ఎక్కువగా తెరవాలి. బాట అంచు దాటి నీరు తిరిగి రానంత దూరం దాకా ఆ గాడిని తీసుకువెళ్లాలి. తవ్వి తీసిన మట్టిని పారేయకండి, అది బాటదే. కట్టకు కింది వైపు కోసుకుపోయిన చోట వేసి కాళ్లతో గట్టిగా తొక్కండి. పల్లం వైపు అంచున మట్టి గట్టులా పేరుకుని ఉంటే దాన్నీ తీసేయండి. ఆ చిన్న గట్టే నీటిని బయటికి పోనివ్వకుండా బాటలో బంధిస్తుంది. ఈ పనికి ఒక పార, ఒక కలుపు దోకుడు ఉంటే చాలు. సగటు మనిషి ఒక పూటలో పది దాకా శుభ్రం చేయగలడు. నిజంగా ఉపయోగం ఉంటుందా అన్నారు కదా, నేను చూసినంతలో ఒక మనిషి ఒక పూటలో బాటకు చేయగల పెద్ద మేలు ఇదే.

బాట వేసేటప్పుడే సరిగ్గా వేస్తే ఇన్ని కట్టలు అక్కర్లేదు. ఇప్పుడు కొత్త బాటలను కొండ వాలుకు అడ్డంగా, మెలికలు తిప్పుతూ వేస్తారు. బాట ఎక్కుడు కొండ వాలులో సగానికి మించకూడదన్నది ఒక లెక్క. కొండ వాలు 20 శాతం ఉంటే బాట ఎక్కుడు 10 శాతం లోపే ఉండాలి. బాట ఉపరితలాన్ని పల్లం వైపు సుమారు 5 శాతం వంచుతారు, నీరు ఎక్కడికక్కడ జారిపోతుంది. వంద ఏళ్ల కిందట ఈ లెక్క పట్టించుకోలేదు. శిఖరం కనిపిస్తే నేరుగా ఎక్కేలా బాట గీశారు. మనం ఇప్పుడు మరమ్మతు చేస్తున్నవాటిలో చాలా భాగం అలా నిటారుగా గీసిన బాటలే.

బేర్ మౌంటెన్ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఏటా లక్షల మంది వచ్చే కొండ కావడంతో పాత బాట దారుణంగా కోసుకుపోయింది. 2006 నుంచి వాలంటీర్లు, నిపుణులు కలిసి దాన్ని దాదాపు కొత్తగా కట్టారు. అక్కడి గ్రానైట్ బండలకే రంధ్రాలు వేసి, ఇనుప మేకులు కొట్టి చీల్చి, చెక్కి, తీగల మీద వేలాడదీసి తెచ్చి వెయ్యికి పైగా మెట్లు పాతారు. ఒక్కో మెట్టు వందల కిలోలు ఉంటుంది. మెట్టు కింద, వెనక చిన్న కంకర కూరి బిగించాక దాని మీద నిలబడి ఊగి చూస్తారు. కొంచెం కదిలినా తీసి మళ్లీ పాతవలసిందే. ఎత్తులన్నీ సమానంగా ఉండటం ఎంత ముఖ్యమో అలిపిరి మెట్లు ఎక్కినవారి మోకాళ్లకు తెలుసు. ఎత్తు ఎక్కువైతే జనం మెట్టు వదిలి పక్కన మట్టిలో నడుస్తారు, కోత మళ్లీ మొదలవుతుంది. రాతి పని నేర్చుకోవాలని మనసుంటే శిక్షణ శిబిరాలు ఉన్నాయి. ముందు ఒక ఏడాది మామూలు పని చేసి అప్పుడు వెళ్లండి. నీటి నడక కళ్లకు అలవాటైతే రాయి ఎక్కడ పెట్టాలో తేలిగ్గా తెలుస్తుంది.

కొమ్మలు కత్తిరించడం అందరూ ఇష్టపడే పని. అపలాచియన్ బాట మీద నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఖాళీగా ఉంచాలి. వానకు తడిసిన కొమ్మలు, మంచు పడిన కొమ్మలు కిందికి వంగుతాయి కాబట్టి చేతికి అందినంత ఎత్తున కోయండి. కొమ్మను సగంలో నరికి మొండి వదలవద్దు. మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే వలయానికి కొద్దిగా ఇవతల కోస్తే చెట్టు ఆ గాయాన్ని తనే మూసుకుంటుంది. చిన్న మొక్కలను నేలకు సమానంగా కోయాలి. నాలుగంగుళాల మొండి మిగిలినా ఎవరో ఒకరి కాలికి గుచ్చుకుంటుంది. కోసినవాటిని నీరు బయటికి పోయే గాడిలో వేయకుండా, కోసిన మొదలు బాట వైపు కాకుండా అవతలి వైపు ఉండేలా దూరంగా వేయండి.

చెట్ల మీద గుర్తులు వేయడంలో ఓర్పు కావాలి. అపలాచియన్ బాటకు రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తున్న తెల్ల పట్టీ. గీకుడు బ్లేడుతో పై బెరడు మాత్రమే నునుపు చేసి కుంచెతో అంచులు తిన్నగా వేయాలి. మలుపు దగ్గర ఒకదాని పైన ఒకటి రెండు పట్టీలు వేస్తారు. ఒక గుర్తు దగ్గర నిలబడితే రెండోది కనిపిస్తే చాలు. ప్రతి చెట్టుకూ రంగు పూస్తే అడవి అందమే పోతుంది. వెళ్లేటప్పటి గుర్తులు, తిరిగి వచ్చేటప్పటి గుర్తులు వేరువేరుగా చూసుకోవాలి, అందుకే బాటను రెండు దిక్కులా నడిచి తీరాలి.

మోటారు రంపం ముట్టుకోకండి. దానికి శిక్షణ, సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఉంటారు. పడిన చెట్టు కింద కొమ్మలు విల్లులా వంగి బలం నింపుకుని ఉంటాయి, తప్పు చోట కోస్తే మనిషి మీదకు ఎగురుతాయి. మీ పని కబురు చేయడం. ఎక్కడ ఉంది, మాను లావు ఎంత, నేల నుంచి ఎంత ఎత్తులో ఆగింది, పక్క నుంచి వెళ్లే వీలుందా, ఒక ఫొటో. ఈ వివరాలు ఉంటే రంపం బృందం సరైన సామానుతో ఒకేసారి వచ్చి పని ముగిస్తుంది.

వీసా సంగతి. లాభాపేక్ష లేని సంస్థకు, మొదటి నుంచీ వాలంటీర్లే చేస్తూ వచ్చిన పనిని, ఏ ప్రతిఫలం లేకుండా చేస్తే దాన్ని సాధారణంగా ఉద్యోగంగా లెక్కించరు. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు చాలామంది మాతో పని చేస్తున్నారు. జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. కొన్ని వేసవి బృందాల్లో భత్యమో వసతో ఇస్తారు, వాటికి దూరంగా ఉండండి. అనుమానం ఉంటే మీ లాయరుకు ఆ పని వివరం పంపి అడగండి. వాలంటీరు ఒప్పందం మీద సంతకం చేయకుండా మాత్రం పని మొదలుపెట్టవద్దు. జాతీయ పార్కు సేవ పరిధిలోని చోట ఆ ఒప్పందం ఉంటే, పనిలో గాయపడిన వాలంటీరుకు ఫెడరల్ ఉద్యోగులకు వర్తించే గాయాల పరిహార చట్టం వర్తిస్తుంది.

నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఈ పనిలో చోటు ఉంది, నాయకుడికి ముందే చెప్పాలి. బండను ఎత్తకూడదు, గునపంతో కదిపి దొర్లించాలి. మాలో మంచి రాతిపనివాళ్లు రాయిని ఎత్తడం చాలా అరుదు. పనిముట్టును భుజాన వేసుకోకుండా, పదును కిందికి ఉండేలా, పల్లం వైపు చేతిలో పట్టుకుని నడవండి. కాలు జారితే వదిలేయవచ్చు. మనిషికీ మనిషికీ మధ్య పదడుగుల దూరం ఉండాలి. ప్రమాదాలు ఎక్కువగా మధ్యాహ్నం మూడు దాటాక, అలసిన చేతులతో జరుగుతాయి. అలసట తెలిసిన క్షణాన ఆపేయడానికి మొహమాటపడవద్దు.

ఈ అడవుల్లో నేను ఎలుగుబంటికన్నా పిడుదుకే ఎక్కువ భయపడతాను. గసగసంత ఉండే జింక పిడుదు పిల్లలు మే నుంచి జూలై దాకా ఎక్కువ. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. బట్టలకు, బూట్లకు ముందురోజే పెర్మెత్రిన్ మందు చల్లి ఆరబెట్టండి. దాన్ని ఒంటికి రాయకూడదు. ప్యాంటును మేజోళ్లలోకి దోపండి. ఇంటికి రాగానే బట్టలను డ్రయ్యర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పండి. స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక, పిల్లల తలల్లో వెతకండి. పట్టుకున్న పిడుదును సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి. నూనె పోయడం, కాల్చడం లాంటివి చేయవద్దు. ఆ తర్వాత వారాల్లో జ్వరమో, గుండ్రటి ఎర్రటి మచ్చో వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి పిడుదు కుట్టిన సంగతి చెప్పండి.

రెండోది పాయిజన్ ఐవీ. కాడకు మూడేసి ఆకులు. మన జీడి, మామిడి కుటుంబానికే చెందిన మొక్క. నల్లజీడి రసం తగిలి పొక్కులెక్కడం ఊళ్లో చూసినవారికి ఇది ఎంత బాధో చెప్పనక్కర్లేదు. ఆకుల్లేని శీతాకాలంలోనూ ఆ తీగ కాడ ప్రమాదమే. చేతి తొడుగులకు, లాపర్లకు (కొమ్మలు కోసే పెద్ద కత్తెరలకు) అంటిన జిడ్డు రోజుల తర్వాత కూడా పొక్కులు తెప్పిస్తుంది కాబట్టి పనిముట్లనూ సబ్బుతో కడగాలి. దాన్ని ఎన్నడూ తగలబెట్టకండి. ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది.

పిల్లలను తప్పకుండా తీసుకురండి, కానీ మొదటిసారి మీరొక్కరే వచ్చి పని ఎలా ఉంటుందో చూడండి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల సంతకం కావాలి, చాలా పనులకు తల్లో తండ్రో పక్కనే ఉండాలి. తొమ్మిది, పదేళ్ల పిల్లలు వాటర్‌బార్ల దగ్గర ఆకులు తీయడం, ముళ్ల బార్బెరీ లాంటి పరాయి మొక్కలను గుర్తుపట్టడం, చెత్త ఏరడం చక్కగా చేస్తారు. పని అయ్యాక గాడిలో ఒక సీసా నీళ్లు పోయనివ్వండి. అవి బాట దాటి బయటికి పోవడం చూస్తే వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. భోజనానికి పులిహోర బాగా నప్పుతుంది, చెడదు, చల్లగా తిన్నా బాగుంటుంది. మెతుకు కూడా అక్కడ వదలకండి. మనిషి తిండి రుచి తెలిసిన ఎలుగుబంటికి చివరికి ప్రాణమే పోతుంది.

మన తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట. యాభై మంది ఒకే రోజు ఒకే రంగు చొక్కాలతో వచ్చి మళ్లీ కనిపించకపోతే క్లబ్బు నాయకుడికి ఆ రోజంతా వాళ్లను సర్దడంతోనే సరిపోతుంది. ఆరుగురు కలిసి ఒక రెండు మైళ్ల ముక్కను తీసుకుని ఐదేళ్లు చూసుకుంటే ఆ బాట బతుకుతుంది. మీ సంఘానికి సేవ చేయాలనుంటే ఈ రెండో దారినే ఆలోచించమని చేతులెత్తి అడుగుతున్నాను.

అట్లాంటా వైపు ఉన్నవారికి 1930లో మొదలైన జార్జియా అపలాచియన్ ట్రెయిల్ క్లబ్, వర్జీనియా, మేరీలాండ్ వారికి 1927 నాటి పొటోమాక్ అపలాచియన్ ట్రెయిల్ క్లబ్ ఉన్నాయి. సియాటిల్‌లో వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ కొత్తవాళ్లకు పనిముట్లు, హెల్మెట్లు తనే ఇచ్చి ఒక్కరోజు పనులు చాలా పద్ధతిగా నడుపుతుంది. ఎక్కడైనా తీరు ఒకటే. ముందు ఒకటి రెండు పనిదినాలకు వెళ్లడం, తర్వాత సొంతంగా ఒక ముక్క తీసుకోవడం.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. మార్చిలో ట్రెయిల్ కాన్ఫరెన్స్‌కు రాసి, ఏప్రిల్ పనిదినాల్లో మీకు వీలైనదానికి పేరు ఇవ్వండి. వేసవిలో కొమ్మల పనికి ఒకసారి, నవంబరులో వాటర్‌బార్లకు ఒకసారి వెళ్లండి. ఆ తర్వాత హ్యారిమన్‌లో ఖాళీగా ఉన్న ముక్కల జాబితా అడగండి. ఇంటి నుంచి గంటన్నర లోపు చేరేది, మైలున్నరకు మించనిది చూసుకోండి. అందమైన శిఖరం ఉన్న ముక్క కావాలని పట్టుబట్టకండి, వాటికి మనుషులు దొరుకుతారు. వెళ్లిన ప్రతిసారీ ఏం చేశారో, ప్రయాణంతో కలిపి ఎన్ని గంటలు పట్టాయో రిపోర్టులో రాయండి. గంటలు రాయడం గొప్పలు చెప్పుకోవడమని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ లెక్కలు చూపించే క్లబ్బులు పార్కుల నుంచి, ప్రభుత్వం నుంచి నిధులు అడుగుతాయి. కొన్ని కంపెనీలు ఉద్యోగి చేసిన సేవా గంటలకు తగిన విరాళం కూడా ఇస్తాయి, మీ ఆఫీసులో కనుక్కోండి. పనిముట్లు అప్పుడే కొనవద్దు. చీలమండ దాటే గట్టి బూట్లు, తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు, మూడు లీటర్ల నీళ్లు ఉంటే మొదటి రోజుకు సరిపోతుంది, మిగతావి క్లబ్బు ఇస్తుంది.